మూడో జేబు

ఎండాకాలంలో కోటు కుట్టించుకునే పిచ్చివాడు ఏ ఊళ్ళోనూ ఉండడు. అందుకే ఆ నెలల్లో మా షాపుకి పెద్దగా పనుండదు. మిషన్లకు నూనె పోసుకోవడం, విరిగిన సూదులు ఏరుకోవడం, తోచక ఒకరి మీద ఒకరు విసుక్కోవడం, ఇంతే. అలాంటి ఎండాకాలంలో మా నాన్నకు డెబ్బై నిండబోతున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేస్తూ చేస్తూ, మంచినీళ్ళు అడిగినంత తేలిగ్గా, "పుట్టినరోజు నాడు కత్తెర దించేస్తాను" అన్నాడు.

మా ఇంట్లో కత్తెర అంటే కోటు గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాస్టరు. మిగతావాళ్ళు ఎంత పని చేసినా చేతి సాయం కిందే లెక్క. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ కత్తెర నాన్న చేతిలోనే ఉంది.

"ఎవరికిస్తావు నాన్నా?" అని అడిగేశాను. డొంకతిరుగుడు నాకు చేతకాదు.

నాన్న తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు కంచం వైపు చూసుకున్నాడు. అమ్మ గిన్నె మీద మూత పెట్టింది.

"బోర్డు మీద ఏం రాసుంది?" అన్నాడు నాన్న.

బోర్డు మీద నాన్న పేరు, దాని కింద 'అండ్ సన్' అని ఉంటుంది. ఆ సన్ పుట్టకముందే నాన్న రాయించేశాడు. తీరా చూస్తే ముందు పుట్టింది నేను. బోర్డు మార్చకుండా, కొడుకు పుట్టేదాకా ఓపిక పట్టాడు మా నాన్న.

తమ్ముడు మంచివాడు. కొలతలు తీసుకునేటప్పుడు వచ్చినవాళ్ళతో వాడు చెప్పే కబుర్లకే సగం మంది మళ్ళీ వస్తారు. కానీ కోటు గుడ్డ ముందు నిలబెడితే వాడికి చెమటలు పడతాయి. నేనైతే చొక్కాలు, ప్యాంట్లు, పిల్లల గౌన్లు కళ్ళు మూసుకుని కత్తిరిస్తాను. కోటు మాత్రం నాన్న ముట్టుకోనివ్వడు. "కోటు గుడ్డకి చెయ్యి బరువుండాలి. ఆడవాళ్ళ చెయ్యి తేలిక" అంటాడు. ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. పెళ్ళయి పక్క సందులోకి కాపురానికి వెళ్ళినా, తెల్లారేసరికి షాపు షట్టరు ఎత్తేది నేనే కదా!

చేతులు కడుక్కునేలోపే నా బుర్రలో పథకం తయారైపోయింది. డెబ్బై ఏళ్ళ పండగ ఘనంగా చేయాలి. అదీ పాత కాలం పద్ధతిలో, నాన్న షాపు తెరిచిన రోజుల్లోకి అందరూ వెళ్ళిపోయినట్టుగా. బజారులో కొన్న అలంకరణ ఒక్కటి కూడా ఉండకూడదు, అన్నీ మన చేతులతో చేసినవే కావాలి. ఇక అన్నిటికంటే పెద్ద కానుక, గోడ మీది ఫోటోలో నాన్న వేసుకున్న కోటు. అచ్చం అలాంటిదే కుట్టి ఆయనకు తొడగాలి. దాన్ని కత్తిరించేది నేను. ఆ కోటు ఒంటి మీద ఉండగా, నా చెయ్యి తేలికని ఎలా అంటాడో చూడాలనుకున్నాను.

ఆ ఫోటో కథ మా షాపులో గుండీ కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళకు కూడా తెలుసు. నాన్న కొత్తగా షాపు తెరిచిన రోజుల్లో ఉన్నది ఒక్క మిషను, ఒక్క కోటు గుడ్డ. దాంతో కోటు కుట్టుకుని, అది తొడుక్కుని, బజారు వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. పెద్ద జేబులు రెండూ అందరి కోట్లకీ ఉండేవే. దీనికి మాత్రం కుడివైపు పెద్ద జేబు పైన ఇంకో చిన్న జేబు ఉంది. అది చూసి జనం ఆగిపోయారు. సాయంత్రానికి, అలాంటి కోటు మాకూ కావాలంటూ షాపు ముందు నిలబడ్డారు. మూడు జేబుల కోటు అంటే మా షాపే. "ఆ మూడో జేబు నా తలలోంచి పుట్టింది" అని నాన్న చెప్పినప్పుడల్లా కొత్తగా విన్నట్టు తలూపడం మాకు అలవాటు.

మర్నాటి నుంచే షాపు, దాని వెనకే ఉన్న మా ఇల్లు కార్ఖానా అయిపోయాయి.

పిలుపు కాగితాలు పాతగా కనిపించాలంటే టీ డికాక్షన్‌లో ముంచి ఆరేయాలని నేను తేల్చాను. గిన్నెలకు గిన్నెలు కాచాం. దండేల మీద బట్టలకు బదులు కాగితాలు వేలాడాయి. చివరికి తాగడానికి టీ పొడి మిగలక, ఇస్త్రీ బాబాయ్ వచ్చి కూర్చుని ఉత్త చేతులతో తిరిగెళ్ళాడు. బాబాయ్ అంటే రక్తసంబంధం ఏమీ లేదు. మా షాపు పక్కనే ఇస్త్రీ బండి. నాన్నను అన్నయ్య అని, అమ్మను వదిన అని పిలుస్తాడు. మా ఇంట్లో ఏం జరిగినా మాకంటే ముందు ఆయనకు తెలుస్తుంది.

"కాగితాలకి టీ పోస్తారు, మనుషులకి పొయ్యరు. బాగుందమ్మా మీ పాత కాలం!" అన్నాడు వెళ్తూ.

అటక మీద బ్రౌన్ కాగితం నమూనాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఎప్పుడో కోట్లు కుట్టించుకున్నవాళ్ళ కొలతలకు నాన్న కత్తిరించి, పేర్లు రాసి దాచినవి. వాటిలో చిరిగినవి ఏరి, మూడు మూలల జెండాలుగా కోసి, దారానికి గుచ్చాను. ఖాళీ అయిన చెక్క దారపు రీళ్ళతో గుమ్మానికి తెర కట్టాను. కోటు లోపల వేసే గట్టి గుడ్డకు గంజి పెట్టి, పాత గ్రామఫోను బూరా చేశాను. అది ఆరేసరికి బూరాలా కాకుండా వాడిపోయిన గుమ్మడిపువ్వులా తయారైంది. దానికి రంగు వేసి, బూరా అని కాగితం అంటించి నిలబెట్టాను. ఎవరేమంటారో చూద్దామని.

తమ్ముడు ఒకసారి సంచిలో మెరుపు కాగితాల దండలు తెచ్చాడు. "అక్కా, బజార్లో ఇవి కూడా పాత మోడలే అంటున్నారు" అన్నాడు నసుగుతూ.

"నువ్వూ పాత మోడలే. వెళ్ళి అవి ఇచ్చేసి, డబ్బాలకి చిల్లులు పొడువు" అన్నాను. ఆ డబ్బాల్లో దీపాలు పెట్టాలని నా ఆలోచన. వాడు గొణుక్కుంటూ సుత్తి, మేకు పట్టుకుని కూర్చున్నాడు.

నాన్న మాత్రం, "నాకిదంతా ఎందుకమ్మా, నాకేమీ వద్దు" అంటూ రోజుకు నాలుగు సార్లు వచ్చి తనిఖీ చేసేవాడు. "ఆ జెండా వంకరగా ఉంది" అనేవాడు. "నా రోజుల్లో దీపాలు ఇంత కిందికి ఉండేవి కావు" అనేవాడు. వద్దన్న మనిషి మొహం వెలిగిపోతూ ఉండేది.

అమ్మ తీరు వేరు. ఆమె వెనక గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని ఎప్పట్లాగే కాజాలు కుట్టుకుంటూ మా హడావుడి చూసేది. కాజాలు, గుండీలు, అస్తరు, అంచులు. నాకు తెలిసినంత వరకూ అమ్మ పని అదే. ఓ మధ్యాహ్నం చెమటలు కక్కుతూ నేను నిచ్చెన మీంచి, "ఎలా ఉందమ్మా? పాత రోజులు గుర్తొస్తున్నాయా?" అని అరిచాను.

"పాత రోజులే కావాలంటే ముందా ఫ్యాన్ కట్టెయ్యి" అంది అమ్మ. తలెత్తలేదు.

తమ్ముడు పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను గానీ ఫ్యాన్ కట్టలేదు.

అన్నిటికంటే కష్టం గుడ్డ దొరకడం. ఫోటోలోని కోటుది నూగు గుడ్డ. ఒకవైపు మెత్తగా నూగుంటుంది, రెండోవైపు బోసిగా ఉంటుంది. తిరగేసి వాడటానికి వీల్లేదు. ఇప్పుడు అలాంటిది ఎవరూ అమ్మడం లేదు. తమ్ముడు ఊళ్ళో గుడ్డల కొట్లన్నీ తిరిగి, చివరికి ఒక ముసలాయన కొట్లో గుట్ట అడుగున మిగిలిపోయిన ముక్క పట్టుకొచ్చాడు. గోధుమరంగు. కొలిచి చూస్తే ఒక్క కోటుకు సరిపోగా కాస్త కొసరు మిగులుతుంది. తర్వాత ఇంకో ముక్క కావాలన్నా లేదు.

నాన్న నిద్రపోయే వేళ చూసి షట్టరు సగం దించాను. గుడ్డ బల్ల మీద పరిచాను. ఫోటో చూసి, నాన్న ఇప్పటి కొలతలకు నేనే గీసుకున్న నమూనా దాని మీద పెట్టాను. మామూలుగా అయితే గుడ్డను మధ్యకు మడిచి కోస్తాం. ఒక్క కోతకి కుడి, ఎడమ రెండూ వస్తాయి. దీనికి పన్నా తక్కువ, వెడల్పు చాలక మడత పడలేదు. సరే, విడివిడిగా కోద్దామనుకున్నాను. సుద్దతో గీశాను. పెద్ద కత్తెర చేతిలోకి తీసుకున్నాను. అది ఎంత బరువుందో! ఆ బరువు నా మణికట్టుకు హాయిగా అనిపించింది. ఒక ముందుభాగం కోశాను. అంచు ఎక్కడా వణకలేదు. నన్ను నేనే మెచ్చుకుంటూ రెండోది కోశాను. వెనక భాగం, చేతులు, అన్నీ కోసేశాను.

తర్వాత రెండు ముందుభాగాలూ పక్కపక్కన పెట్టాను.

రెండూ ఎడమవైపువే.

రెండోసారి నమూనాను తిరగేసి పెట్టాలి. పెట్టలేదు. చొక్కాల గుడ్డయితే తిప్పి వాడేసుకోవచ్చు. దీన్ని తిప్పితే బోసి వైపు పైకొస్తుంది. కొంప మునిగింది. ఊళ్ళో ఇంకో ముక్క లేదు. పుట్టినరోజు దగ్గరపడింది. కోటు లేకపోతే, ఆ కత్తెర తమ్ముడి చేతిలోకి వెళ్ళిపోతుంది. పైగా వెళ్ళడం న్యాయం కూడా. చేతి బరువు సంగతి దేవుడెరుగు, నాకు కుడి ఎడమలే తెలియలేదు! బల్ల మీద మోచేతులు ఆనించి, మొహం చేతుల్లో పెట్టుకుని నిలబడిపోయాను.

అమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో తెలియదు. బల్ల మీదకు ఒకసారి చూసింది.

"రెండూ ఎడమవేనా?" అంది.

తలూపాను. తిడుతుందనుకున్నాను. ఆమె కళ్ళజోడు సర్దుకుని మిగిలిన ముక్కలన్నీ ఒకచోటికి చేర్చింది. అటు తిప్పి, ఇటు తిప్పి, నూగు ఎటు పోతోందో అరచేత్తో రాసి చూసింది. "సుద్ద ఇలా ఇవ్వు" అంది. టేపు అడగలేదు. పాడైన ముందుభాగం పక్కన పెట్టుకుని, మిగిలిన గుడ్డ మీద ఒక్క గీతలో కుడి ముందుభాగం గీసింది. భుజం, చంక, గుండె, అన్నీ వచ్చాయి. నడుం దగ్గర బయటివైపు ఒక మూల మాత్రం గుడ్డ చాల్లేదు.

"కత్తెర."

ఇచ్చాను. నాన్న కూడా కోటు గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు ఒక్క క్షణం ఆగి ఊపిరి పీల్చుకుంటాడు. అమ్మ ఆగలేదు. నడిచి వెళ్తున్నట్టు కోసుకుంటూ పోయింది. కత్తెర చప్పుడు ఒకటే తీరుగా వినిపించింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"ఈ మూలకి అతుకు వెయ్యి" అంది.

"కనిపిస్తుంది కదమ్మా."

"కింద సగం పెద్ద జేబు మూత కప్పేస్తుంది."

"పై సగం?"

"దాని మీద ఇంకో చిన్న జేబు పెట్టు."

నా కళ్ళు వాటంతటవే గోడ మీదికి వెళ్ళాయి. ఫోటోలో నాన్న ఛాతీ విరుచుకుని నిలబడి ఉన్నాడు. కుడివైపు, నడుం దగ్గర, పెద్ద జేబు పైన చిన్న జేబు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ రోజూ చూస్తున్న ఫోటో.

అమ్మ నా చూపు గమనించింది. మూల ముక్కను కోటుకు కచ్చా కుట్టు వేయడం మొదలుపెట్టింది.

"అమ్మా, మూడో జేబు నాన్న కనిపెట్టిన ఫ్యాషన్ అంటాడు కదా!"

"ఫ్యాషనే. అతుకు కనపడకపోతే ఫ్యాషన్, కనపడితే అతుకు" అంది దారం కొరుకుతూ.

అప్పుడు కొద్ది కొద్దిగా చెప్పింది, నేను అడిగితేనే. ఉన్న ఒక్క గుడ్డనూ నాన్న అలాగే కోసేశాడట. రెండూ ఎడమవే. షాపు మూసేసి ఎక్కడన్నా పనికి పోతానని మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడట. అమ్మ అప్పటికి కొత్త కోడలు. ఆమె తండ్రి కూడా కోట్ల మాస్టరే. బల్ల కింద ఆడుకుంటూ పెరిగిన పిల్ల. నాన్న మెట్ల మీదనుంచి లేచి లోపలికి వచ్చేసరికి కుడివైపు కోసి, అతుకు వేసి, జేబు పెట్టేసింది.

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"ఎవరడిగారు?" అంది. కాసేపటికి తనే మళ్ళీ, "మొదట్లో షాపు నిలబడితే చాలనుకున్నాను. నిలబడ్డాక జనం ఆయన కోసం రావడం మొదలైంది. ఇంక మధ్యలో నేనొచ్చి ఏం చెప్పను? అదే అలవాటైపోయింది" అంది.

"నేను చెప్తాను. పుట్టినరోజు నాడే, అందరి ముందూ చెప్తాను."

"నోరుముయ్" అంది అమ్మ. కోపంగా కాదు. "డెబ్బై ఏళ్ళ మనిషి. పండగ పూట తల దించుకుని కూర్చోవాలా? ఈ కోటు నువ్వే కోశావని చెప్పు. ఆయన సంతోషపడతాడు. కత్తెర నీకొస్తుంది. నీకు కావాల్సిందీ అదే కదా!"

నాకు కావాల్సింది అదే. అందుకే నోరు మూసుకున్నాను. అమ్మ కత్తెర బల్ల మీద పెట్టబోయి, ఆగి, ఖాళీ గాల్లో ఒకసారి ఆడించింది.

"కోటు గుడ్డ కోసి ఎన్నాళ్ళయిందో" అంది. "ఇవాళ చేతికి బాగుందే."

ఆ మాట నా లోపల ఎక్కడో గుచ్చుకుంది. పీట దగ్గరకి తిరిగి వెళ్ళి కాజా అందుకున్న అమ్మను చూస్తే, ఇన్నేళ్ళూ నేను ఏం చూశానా అనిపించింది. అయినా ఆ తర్వాత రోజులన్నీ నాలో నేను బేరమాడుకుంటూనే ఉన్నాను. అమ్మే చెప్పమంది కదా, నేనేం దొంగిలించడం లేదు కదా, కత్తెర వచ్చాక అమ్మను బాగా చూసుకుంటాను కదా అని. అలా సర్దిచెప్పుకుంటూనే కోటు పూర్తి చేశాను. చాలా బాగా వచ్చింది.

పుట్టినరోజు సాయంత్రం షాపు ముందు గది గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. చిల్లుల డబ్బాల్లోంచి వెలుగు చుక్కలు గోడల నిండా పడ్డాయి. దారపు రీళ్ళ తెర కదిలినప్పుడల్లా గలగలమంది. వచ్చినవాళ్ళంతా తాతలనాటి పెట్టెలు తవ్వి తీసిన బట్టలు వేసుకొచ్చారు. తమ్ముడైతే బెల్‌బాటమ్ ప్యాంటులో నేల ఊడుస్తూ తిరిగాడు. బ్యాంకులో చేసి రిటైరైన ఒక పెద్దాయన తలమీది జెండాను పట్టి చూసి గట్టిగా అరిచాడు.

"ఇది నా నడుమేనయ్యా! ఇంతేనా నా నడుం అప్పట్లో?"

"దాని కింద ఇంకో మాట కూడా రాసుంది చదవండి" అన్నాడు ఇస్త్రీ బాబాయ్.

జెండా అంచున నాన్న చేతిరాత: 'పొట్ట ఉంది. చెప్పకూడదు.' గది గదంతా పగలబడి నవ్వింది. ఆ తర్వాత జనం కేకు సంగతి మర్చిపోయి, మెడలు ఎత్తి ఎవరి జెండా వాళ్ళు వెతుక్కోవడం మొదలుపెట్టారు. గుమ్మడిపువ్వు లాంటి నా బూరాని చూసి మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. పాపం, మర్యాదస్తులు.

నాన్నను లోపలి గదిలోకి తీసుకెళ్ళి కోటు చూపించాను. తొడిగాను. భుజాలు అతికినట్టు కూర్చున్నాయి. అద్దం ముందు అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. కాలరు మీద చెయ్యి వేసి చూశాడు.

"ఎవరు కోశారే?" అన్నాడు.

నేను ఎదురుచూసిన ప్రశ్న అదే. జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది. ఈలోపు అలవాటుగా ఆయన వేళ్ళు మూడో జేబులోకి వెళ్ళాయి. దర్జీ వేళ్ళు కదా, జేబులో ఊరికే ఉండవు. లోపల అతుకు తగిలినట్టుంది. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

అద్దంలోంచి నా వైపు చూశాడు.

"రెండూ ఎడమవేనా?" అని మెల్లగా అడిగాడు.

బయట ఎవరో ఆయన పేరు పెట్టి కేకలు వేస్తున్నారు. నేను ఒక్క అబద్ధం ఆడితే చాలు, అతుకు నేనే వేశాననే ఒక్క ముక్క. ఆయన నమ్ముతాడు. నమ్మడానికి సిద్ధంగా కూడా ఉన్నాడు. కానీ కత్తెర గాల్లో ఆడిస్తూ అమ్మ అన్న మాట చెవిలో వినిపించింది.

"అవును నాన్నా. నేను పాడు చేశాను. అమ్మ కోసింది" అన్నాను.

నాన్న చాలాసేపు జేబులోంచి చెయ్యి తీయలేదు. తర్వాత కోటు సర్దుకుని, తెర తోసుకుని బయటికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను.

చప్పట్లు మోగాయి. బాబాయ్ అందరికంటే గట్టిగా, "అన్నయ్యా, మూడో జేబు కథ! నీ నోటితో వినాలి" అన్నాడు.

నాన్న ఎప్పట్లాగే మొదలుపెట్టాడు. ఒక్క మిషను, ఒక్క గుడ్డ. "ఆ గుడ్డ నేను కోశాను" అన్నాడు. ఆగాడు. "రెండు ఎడమ ముక్కలు కోశాను."

జనం నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయారు.

"నేను మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, కుడివైపు ఇదిగో, ఈవిడ కోసింది. అతుకు కనపడకుండా జేబు పెట్టింది. దాన్ని తొడుక్కుని బజార్లో ఊరేగింది నేను. మొదట్లో చెప్పడానికి సిగ్గేసింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా సిగ్గేసింది. ఇప్పుడు డెబ్బై వచ్చాయి, ఇంకెంత సిగ్గుపడతాను?"

ఆయన తల దించుకోలేదు. నిటారుగా నిలబడే చెప్పాడు. అమ్మ వెనక గుమ్మంలో టీ కప్పుల పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది. "అందరి ముందూ ఏంటండీ ఇది" అంది, వినపడీ వినపడకుండా. బాబాయ్ గబుక్కున వెళ్ళి పళ్ళెం అందుకున్నాడు. "వదినా, ఇన్నేళ్ళూ పక్కనే ఉన్నాను, నాకు కూడా చెప్పలేదు చూశావా!" అన్నాడు. ఆయనకు నిజంగానే ఆ బాధ ఎక్కువైంది.

నాన్న కత్తెర తీసుకొచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. "ఇది నీది. ఎవరికివ్వాలో నువ్వే చూసుకో" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. తమ్ముడు ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఇంకెవరికిస్తుంది? చేతులు పైటకు తుడుచుకుని మరీ సిద్ధమయ్యాను.

అమ్మ కత్తెర తెరిచి, బొటనవేలి గోరు మీద అంచు ఆనించి చూసింది. "మొండిబారింది. సాన పట్టించాలి" అంది. నా వైపు చూసి, "పొద్దున్నే ఎన్నింటికి తీస్తావు షాపు?" అని అడిగింది.

"ఏం?"

"నేనూ వస్తాను."

నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. నాకంటే ముందు నాన్నకు అర్థమైంది. ఆయన బల్ల వెనకనుంచి తన టేపు తీసి, మడతలు సరిచేసి, అమ్మ మెడలో వేశాడు.

ఉక్రోషం రాలేదని నేను చెప్పను. ఆ రాత్రి ఇంటికొచ్చి మా ఆయన దగ్గర, "అంతా నేను చేశాను, నిచ్చెనలు ఎక్కాను, టీ కాచాను, చివరికి నా చేతికి ఏమొచ్చింది!" అని కాసేపు ఏడ్చాను కూడా. మా ఆయన తెలివైనవాడు, ఏమీ అనకుండా మంచినీళ్ళు ఇచ్చాడు. ఏడుపు తగ్గాక అమ్మ కత్తెర పట్టుకున్న తీరు గుర్తొచ్చి నవ్వొచ్చింది. పొద్దున లేచేసరికి షాపుకి పరిగెత్తాలనిపించింది. ఆ కత్తెర నా దాకా రావడానికి చాలా కాలం పట్టింది. ఈలోపు అమ్మ పక్కన నిలబడి నేర్చుకున్నది ఎంతో ఉంది.

మర్నాడు నేను వెళ్ళేసరికి షట్టరు ఎత్తే ఉంది. జెండాలు ఇంకా వేలాడుతున్నాయి. నాన్న వీధిలో బాబాయ్ బండి పక్కన స్టూలు వేసుకుని పేపరు చదువుతున్నాడు. అమ్మ బల్ల వెనక నిలబడి ఉంది. కొత్తగా ఊళ్ళోకి వచ్చినట్టున్న ఒకాయన, చేతిలో కోటు గుడ్డ పొట్లంతో మెట్లెక్కాడు. ఎండాకాలంలో! ఆయన అమ్మను చూశాడు, నన్ను చూశాడు, లోపలికి తొంగి చూశాడు.

"మాస్టరు లేరా అమ్మా?" అన్నాడు.

వీధిలో పేపరు చప్పుడు ఆగిపోయింది. నాన్న తల ఎత్తాడు గానీ పలకలేదు.

అమ్మ మెడలోంచి టేపు తీసింది.

"ఉన్నాను" అంది. "చేతులు కొంచెం పైకెత్తండి బాబూ."